గాజు మీద ఎర్ర గీత

పోయిన వారం టీకాలు వేసే నర్సు ఒకామె పెద్దాస్పత్రి మూడో అంతస్తులో, గాజు గదుల వార్డు బయట, చేతిలో మరిది కార్డుతో కొయ్యబారిపోయి నిలబడింది. గాజు అవతల ఆమె చెల్లెలు. పిట్ట తిండి తింటుందని చిన్నప్పట్నుంచీ అందరూ ఆమెని పిచ్చుక అనే పిలుస్తారు. నాలుగేళ్ళ కిందట పిచ్చుకకి రెండు కిడ్నీలూ చెడిపోతే, కట్టుకున్నవాడు తన కిడ్నీ ఒకటి కోసిచ్చి బతికించుకున్నాడు. వచ్చిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లో రోగాల్ని అడ్డుకునే కాపలా వాణ్ణి కూడా జోకొట్టి పడుకోబెడతాయి. అలాంటి మనిషికి మూడు రోజుల కిందట ఆ మాయదారి వైరస్ అంటుకుంది.

ఎలా అంటుకుంది? ఇంట్లో ఉన్నది ముగ్గురే. కింద వాటాలో పిచ్చుకా, లిఫ్టు మెకానిక్ అయిన ఆమె భర్తా. పై వాటాలో నర్సు. ముగ్గురూ బూస్టర్ వేసుకున్నవాళ్ళే, ముగ్గురికీ కార్డులున్నాయి. వార్డు లోపలికి వెళ్ళే పాసు కోసం మరిది కార్డు అడిగితే కౌంటర్లో ఇవ్వబోతూ, అలవాటు కొద్దీ చివరి స్టిక్కర్ మీద బ్యాచ్ నంబర్ చదివింది. చివరి అంకెలు నాలుగు, ఒకటి, ఏడు, సున్నా. కార్డు కౌంటర్లో ఇవ్వకుండా వెనక్కి లాక్కుంది.

తన పుట్టిన తేదీ మర్చిపోతుందేమోగానీ ఆ నంబరుని ఆమె మర్చిపోదు.

ఆ బ్యాచ్‌లో వాళ్ళ టీకా కేంద్రానికి వచ్చింది ఒక్కటే పెట్టె. ఇరవై సీసాలు. సీసాకి ఒక డోసు, డోసుకి ఒక స్టిక్కర్. సూది వేశాక సీసా మీది స్టిక్కర్ ఒలిచి మనిషి కార్డులో అంటిస్తారు. రెండు నెలల కిందట ఓ పొద్దున ఫ్రిజ్ తెరిస్తే ఆ పెట్టె వెనక గోడకి అతుక్కుని ఉంది. ఈ టీకా చల్లగా ఉండాలిగానీ గడ్డకట్టకూడదు. గడ్డకడితే చచ్చిపోయినట్టే. మళ్ళీ కరిగినా ప్రాణం రాదు. అనుమానం తీర్చుకోవడానికి ఆ పెట్టెలో సీసా ఒకటీ, మంచి సీసా ఒకటీ తీసి రెండూ గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టింది. మంచిది అరగంటైనా పాలనురుగులా ఉంది. రెండోది పది నిమిషాలకే సున్నపు నీళ్ళలా తేటపడి, అడుగున పొడి దిగింది. మిగతా పంతొమ్మిదీ అంతే. ఇరవై సీసాల గాజు మీదా ఎర్ర మార్కరుతో అడ్డంగా గీత కొట్టి, పెట్టె పక్కన పెట్టేసింది.

అందులో ఒక్క చుక్క కూడా ఏ మనిషి భుజంలోకీ వెళ్ళలేదు. అది ఆమె చేతుల మీదుగా జరిగిన సంగతి.

మరి ఆ పెట్టెలో స్టిక్కర్ మరిది కార్డులోకి ఎలా వచ్చింది?

"వదినా! పాసు దొరికిందా?"

మెట్ల మీంచి మరిది వచ్చాడు. భుజాన పనిముట్ల సంచి. మూడంతస్తులు ఎక్కినా రొప్పు లేదు. రోజూ తెల్లారి ఆరు కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. వచ్చీ రాగానే పక్కనున్న లిఫ్టు చప్పుడు విని ముఖం చిట్లించాడు.

"వింటున్నారా ఆ మూలుగు? తలుపు రోలర్లు అరిగిపోయాయి. ఆస్పత్రి లిఫ్టండీ ఇది! రోగుల కంటే ముందు దీన్ని చేర్చుకోవాలి వార్డులో."

ఇంకో రోజైతే నవ్వేది. ఇవాళ కార్డు అతని కళ్ళ ముందు పెట్టింది.

"బూస్టర్ ఎక్కడ వేయించుకున్నావ్?"

"చెప్పాగా, మా కంపెనీ క్యాంపులో."

"ఏ చేతికి?"

"ఎడమ... కాదు, కుడి. ఇప్పుడివన్నీ ఎందుకు వదినా? అవతల అది..."

"సూది వేసుకున్నవాడికి ఏ చెయ్యి నొప్పెట్టిందో ఆర్నెల్లైనా గుర్తుంటుంది నాయనా. పద్నాలుగేళ్ళుగా పొడుస్తున్నాను, నాకు చెప్పకు. ఈ స్టిక్కర్ నేను కొట్టేసి పక్కన పెట్టిన పెట్టెలోది. ఇది మీ కంపెనీ క్యాంపుకి నడుచుకుంటూ వెళ్ళిందా?"

 మరిది సంచి దించి నేల మీద పెట్టాడు. కాస్త వంగి, సంచి జిప్పు లేనిపోని శ్రద్ధగా మూశాడు.

"వేసుకోలేదు," అన్నాడు జిప్పుతోనే.

ఆమె ఊహించిందే. ఊహించినా, చెంప మీద కొట్టినట్టే ఉంది. కిడ్నీ ఇచ్చినవాడు! ఆపరేషన్ గదిలోకి వెళుతూ కూడా "నా పార్ట్ స్టాండర్డ్ కంపెనీది డాక్టరుగారూ, గ్యారంటీ ఉంది" అని జోకులేసినవాడు! సొంత తమ్ముడు లేని లోటు వీడితో తీరిందని పదిమందికీ చెప్పుకుంది.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మీరే అన్నారుగా! మన కాలనీ మీటింగులో మైకు పట్టుకుని మరీ చెప్పారు. బూస్టర్ ముందు ముసలివాళ్ళకీ, జబ్బు మనుషులకీ అవసరం, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి అంత తొందర లేదు అని. నాకు నలభై నిండలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. మొదటి డోసులు బుద్ధిగా వేసుకున్నాను. రెండోదానికి నాలుగు రోజులు గుండె దడ. నిజం చెబుతున్నా, భయమేసింది. ఉన్నది ఒక్క కిడ్నీ, నాకేమైనా అయితే దాన్నెవరు చూస్తారు? అవసరం లేనిదానికి ఎందుకులే అనుకున్నాను. తప్పా?"

"నేనన్న మాటలో సగం జేబులో వేసుకున్నావ్. రెండో సగం మైకులో వినపడలేదా? జబ్బు మనుషులతో ఒకే గదిలో పడుకునేవాళ్ళ లెక్క వేరని కూడా చెప్పాను."

"వేసుకున్నా రావచ్చుగా! వేసుకున్నవాడి నుంచి కూడా అంటుకుంటుందని అదీ మీరే అన్నారు. మరి నా ఒక్కడి మీదే ఎందుకు పడతారు?"

"అవును, రావచ్చు. అవకాశం తగ్గుతుందన్నానుగానీ పోతుందని నేనెప్పుడూ అనలేదు." ఆమె వేలు లిఫ్టు వైపు చూపించింది. "అదిగో, దాన్ని ఎన్ని తాళ్ళ మీద వేలాడదీస్తావ్?"

"అయిదు."

"ఒక్క తాడు మొయ్యదా?"

"మోస్తుంది."

"మరి మిగతా నాలుగూ ఊయలూగడానికా?"

మరిది గొంతు పెంచాడు. "ఖాళీగా తిరిగే సామాన్ల లిఫ్టుకి అన్ని తాళ్ళు కట్టం వదినా! ఎంత బరువుంటే అన్ని తాళ్ళు. నేను ఖాళీ లిఫ్టునే!"

"కాదు. నీ లిఫ్టులో నా చెల్లెలుంది."



ఆమె ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే కేంద్రంలో ఆయాలు మెల్లగా బయటికి జారుకుంటారు.

"విను. వేసుకోవడం, మానుకోవడం నీ ఇష్టం. నీ ఒళ్ళు, నీ భయం. వేసుకోనని నాతో తేల్చి చెప్పి ఉంటే ఇంకా పోట్లాడేదాన్ని. ఆ దడ సంగతి డాక్టరుకి చూపిద్దామనేదాన్ని. ఆఖరికి సరేననేదాన్ని. కానీ వేసుకున్నానని మాకు చెప్పావే, అది నీ ఒక్కడి ఇష్టం కాదు. పోయిన వారం రెండ్రోజులు తుమ్మావ్. ఏమన్నావ్?"

"లిఫ్టు గుంతలో దుమ్మన్నాను."

"నేనేమన్నాను?"

అతను కాలితో సంచిని గోడ వైపు జరిపాడు.

"చెప్పు. నేనేమన్నాను?"

"వీడు బూస్టర్ వేసుకున్నవాడేలే, దుమ్మే అయ్యుంటుంది అన్నారు."

"అన్నాను. నా నోటితో నేనే అన్నాను. నువ్వు వేసుకోలేదని తెలిస్తే ఆ మొదటి తుమ్ముకే దాన్ని చెయ్యి పట్టుకుని పై వాటాకి లాక్కెళ్ళేదాన్ని. మూతికి మాస్కు లేకుండా నిన్ను గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. నీకు టీకా లేకపోవడం దానికి ఈ గతి పట్టించిందో లేదో దేవుడికెరుక. నీ అబద్ధం మాత్రం పట్టించింది. కార్డు చూసి కళ్ళు మూసుకుని పడుకున్నాం మేము. ఆస్పత్రి ఫైల్లో దాని కార్డుంది, చూడు, కింద నా సంతకం ఉంటుంది. నేను సంతకం పెట్టానంటే డోసు పడ్డట్టే. నీ కార్డు కూడా అలాంటిదే అనుకున్నాను, పిచ్చిదాన్ని."

ఆ సంతకం ఎప్పుడు, ఎక్కడ పెట్టిందో గుర్తు తెచ్చుకునే తీరిక ఆ క్షణాన ఆమెకి లేదు.

మరిది కళ్ళు తుడుచుకున్నాడు. గ్రీజు మరక చెంప మీదికి పాకింది. "నన్ను కొట్టండి వదినా. స్టిక్కర్ నేనే దొంగిలించాను. ఓ రోజు మీ కేంద్రానికి వచ్చినప్పుడు, బయట చెత్తడబ్బాలో సీసాలు కనపడ్డాయి. ఒలుచుకున్నాను. చాలా?"

ఆమె అతని వైపే చూస్తోంది.

చెత్తడబ్బా!

ఆ పెట్టె చెత్తడబ్బా ముఖం ఎరగదు. చెడిన టీకాని పారెయ్యరు, లెక్కగా స్టోరుకి తిప్పి పంపాలి. స్టోరు బండి వచ్చేదాకా నాలుగు రోజులు అది టీకా గదిలో, ఆమె బల్ల కింద, ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఆ గదిలోకి బయటి పురుగు రావడానికి లేదు. ఈ మనిషి అయితే ఆ గది గడప కూడా తొక్కలేదు.

అబద్ధం ఒప్పుకుంటున్నవాడు ఒప్పుకోవడంలోనూ అబద్ధమే ఆడుతున్నాడు. దొంగ దొరికాక కూడా దాస్తున్నాడంటే, దాచేది సొమ్ముని కాదు, మనిషిని.

బయటి పురుగు రావడానికి లేదు. ఒక్కళ్ళు తప్ప.

మధ్యాహ్నం పూట అక్కకి క్యారియర్ తెచ్చే మనిషి. బయట హాలు నిండా దగ్గేవాళ్ళు, తుమ్మేవాళ్ళు. "అక్కడ కూర్చోకే తల్లీ, గాలి సోకుతుంది" అని నియమం పక్కన పెట్టి మరీ లోపలికి పిలిచి, తన బల్ల పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టిన మనిషి. ప్రాణంలా కాపాడుకోవాలని ఆమే తెచ్చి ఆ పెట్టె పక్కన కూర్చోబెట్టింది.

ఎర్ర గీత గాజు మీద కొట్టింది. కాగితాన్ని వదిలేసింది. స్టిక్కర్లు ఇరవైకి ఇరవై నిగనిగలాడుతూ మిగిలాయి.

"స్టిక్కర్ నీకు ఎవరిచ్చారు?" అంది.

"చెప్పాగా, నేనే..."

"సరే. నువ్వే." ఆమె కార్డు మడిచి చేతిసంచిలో వేసుకుంది. "ఇక్కడే ఉండు. కదిలావంటే మర్యాద దక్కదు."

గాజు పక్కన గోడకి రెండు ఫోన్లుంటాయి. లోపలొకటి, బయటొకటి. ఆమె ఫోన్ తీసి గాజు మీద గోటితో కొట్టింది. పిచ్చుక కళ్ళు తెరిచింది. మూతికి ఆక్సిజన్ మాస్కు. అక్కని చూసి కళ్ళతోనే నవ్వింది. చెయ్యి చాచి మంచం పక్కనున్న ఫోన్ అందుకోవడానికే ఆయాసపడింది.

"తిన్నావా అక్కా?" అంది ముందు.

నర్సు ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. 

"మీ ఆయన నేరం నెత్తిన వేసుకున్నాడే. చెత్తడబ్బాలో ఏరుకున్నాట్ట స్టిక్కరు."

పిచ్చుక కళ్ళలో నవ్వు ఆగిపోయింది.

మాస్కు కాస్త ఎత్తింది. "ఆయన్నేం అనకు. నేనే ఇచ్చాను. రోజూ మీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు. నువ్వేమో వేసుకోమని, ఆయనేమో తర్వాత చూద్దామని. అన్నం ముందు కూర్చుంటే ఆ గొడవే. ఆ రోజు నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావ్. సీసాలన్నీ పారెయ్యాల్సినవేగా, ఓ కాగితం ముక్కేగా అనుకున్నాను. ఇంట్లో గొడవ ఆగిపోయింది. ఆగలేదూ?"

"ఆగింది. నా పక్కన కూర్చుని, నా బల్ల కింద చెయ్యి పెట్టి ఆపావు." ఆమె గాజుకి ఇంకా దగ్గరగా జరిగింది. "నేను తినే అన్నం తెచ్చి మరీనా?"

గాజు అవతల పిచ్చుక ఏడుస్తోంది. ఏడిస్తే ఊపిరి అందదు. పక్కనున్న మెషిన్ కూతపెట్టి ఊరుకుంది. నర్సు ఊరుకోవాల్సింది. కానీ పద్నాలుగేళ్ళుగా సీసాలు లెక్కపెట్టే బుర్ర ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండదు.

"ఎన్ని ఒలిచావే?"

పిచ్చుక మాస్కు కిందికి లాక్కుంది. ఇక మాట్లాడలేనన్నట్టు. చూపుడు వేలు ఎత్తింది. ఒకటి.

నర్సు చూస్తూనే ఉంది.  చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసినప్పుడు కూడా ఇంతే. ముందు ఒకటంటుంది. ఆగితే చాలు, నిజం దానంతటదే వస్తుంది.

ఆగింది.

చూపుడు వేలి పక్కన ఇంకో వేలు మెల్లగా లేచింది.

రెండు.

"రెండోది ఎవరికి?" అని అడగబోయి, అడక్కుండానే ఆగిపోయింది.

రెండు నెలల కిందట, తాను సెలవు పెట్టిన రోజు. సాయంత్రం కింద వాటా వంటగది. స్టవ్ పక్కన గట్టు మీద పిచ్చుక కార్డు. 'ఇవాళ మీ కేంద్రానికెళ్ళి బూస్టర్ వేయించుకున్నానక్కా. మీ జూనియర్ పిల్ల స్టిక్కర్ అంటించి సంతకం మర్చిపోయింది. నువ్వు పెట్టెయ్యవూ?' తడి చేతులు పైటకి తుడుచుకుని, స్టిక్కర్ వంక చూడనైనా చూడకుండా గిలికేసింది. ఊళ్ళోవాళ్ళ కార్డులు మూడుసార్లు చదివే మనిషి, చెల్లెలి కార్డు చదవలేదు.

"నువ్వు కూడానా?" అంది. ఫోన్‌లోకి కాదు. గాజులోకి.

పిచ్చుక మళ్ళీ మాస్కు ఎత్తింది. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటోంది. "పోయినసారి సూది తర్వాత... పది రోజులకి కిడ్నీ రిపోర్టులో అంకె పెరిగింది. డాక్టరమ్మ దానికీ దీనికీ సంబంధం లేదంది. నాకు నమ్మకం కలగలేదక్కా. ఒంట్లో కాపలావాణ్ణి లేపితే, వాడు లేచి ముందు ఆయనిచ్చిన దాని మీదే పడతాడేమో అని. అది నాది కాదుగా. ఆయనది. పాడు చేసుకోలేను."

"నన్ను అడగొచ్చుగా!"

"అడిగితే వెయ్యకుండా వదిలేదానివా?" ఊపిరి. "ఆయనకి చెప్పకు. ఆయన స్టిక్కర్ సంగతే ఆయనకి తెలుసు. నాది తెలీదు. నేను వేసుకున్నాననే ధైర్యంతోనే ఆయన మానుకున్నాడు. 'నీకు పడితే చాలే, నాకెందుకు' అన్నాడు. తెలిస్తే... చచ్చిపోతాడక్కా."

నర్సు ఫోన్ పెట్టేసింది. కొక్కేనికి సరిగ్గా తగల్లేదు, జారి తీగ మీద వేలాడింది. కాసేపటి కిందట మెట్ల దగ్గర తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి చెవిలో పడుతున్నాయి. నేను సంతకం పెట్టానంటే డోసు పడ్డట్టే!

"సిస్టర్, మీకోసమే వెతుకుతున్నా." కిడ్నీ డాక్టరమ్మ ఫైలుతో గబగబా వచ్చింది. వెనకాలే వార్డుబాయ్, చేతిలో తెల్లటి ఐసు డబ్బా. "మీరు కూడా మా లైన్లోవారే కాబట్టి సూటిగా చెబుతాను. ఈ వైరస్‌కి నేరుగా రక్షణ ఎక్కించే ఇంజెక్షన్ ఆస్పత్రి మొత్తానికి ఒక్కటే మిగిలింది. మళ్ళీ స్టాకు ఎల్లుండి. మా నియమం ఏమిటంటే, ఈమధ్య బూస్టర్ పడని బలహీనులకి ముందు. మీ చెల్లెలికి రెండు నెలల కిందటే పడింది, ఎల్లుండి దాకా ఆగగలరు. అయిదో అంతస్తులో ఇంకో ట్రాన్స్‌ప్లాంట్ పేషెంటున్నారు, బూస్టర్ లేదు. అటు పంపిస్తున్నాను." వార్డుబాయ్ వైపు తిరిగి చెయ్యి ఊపింది. అతను డబ్బాతో లిఫ్టు వైపు కదిలాడు.

"రక్తపరీక్ష చేసి చూడరా?" అడిగింది నర్సు, కళ్ళు ఐసు డబ్బా మీదే.

"పంపాం, రేపటిగ్గానీ రాదు. అందాకా కార్డే ఆధారం." డాక్టరమ్మ ఫైల్లోంచి పిచ్చుక కార్డు తీసి చూపించింది. "ఇది మీ సంతకమే కదా? ఒక్క మాట రాసుకుంటే సరిపోతుంది."

నాలుగు, ఒకటి, ఏడు, సున్నా. కింద తడి వేలితో గిలికిన తన పేరు.

నాదే, అంటే ఆ డబ్బా అయిదో అంతస్తుకి వెళుతుంది. ఎల్లుండి దాకా పిచ్చుక ఊపిరి నిలవాలి. అబద్ధపు సంతకమని చెబితే పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఈ వరండాలోనే ఊడుతుంది. పైన ముక్కూ ముఖం తెలియని ఓ మనిషి మంచం దగ్గరికి వెళ్ళేది ఆగిపోతుంది. అంతకంటే ముందు, అదిగో, అక్కడ లిఫ్టు పక్కన గోడకి జారబడి, పాపమంతా తనదేనని ఏడుస్తున్నవాడికి నిజం తెలుస్తుంది.

లిఫ్టు వచ్చింది. వార్డుబాయ్ లోపలికి వెళ్ళాడు. అరిగిన రోలర్లు మూలుగుతూ తలుపులు దగ్గరవుతున్నాయి.

"సిస్టర్? మీదేనా?"

గాజు మీద టకటక. పిచ్చుక లోపల్నుంచి కొడుతోంది. తల అడ్డంగా ఊపుతోంది. వద్దు. వద్దు.

జానెడు సందు మిగిలింది.

"మరిదీ!" వార్డు వార్డంతా తిరిగి చూసేలా అరిచింది నర్సు. "లిఫ్టాపు!"

ఎందుకని అడగలేదు అతను. ఇరవయ్యేళ్ళుగా లిఫ్టులాపే చెయ్యి, బుర్ర కంటే ముందు కదిలింది. మోచేయి దాకా సందులోకి దూర్చి, తలుపులు రెండూ విడదీసి, మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. లోపల ఐసు డబ్బా గుండెకి హత్తుకుని వార్డుబాయ్ బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఏమైంది వదినా?" అన్నాడు మరిది. చెంప మీద గ్రీజు మరక అలాగే ఉంది. "ఎవరికోసం ఆపాలి?"

నర్సు డాక్టరమ్మ చేతిలోంచి కార్డు తీసుకుంది. మరిది కార్డు తన చేతిసంచిలోంచి తీసింది. రెండూ పక్కపక్కన పట్టుకుని, గాజు వైపు చూడకుండా, అతని వైపు నడిచింది.